చేతిలో సీటు, ఎదురుచూపులో సీటు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం తిరక్కుండానే మైదానం నుంచి కాలేజీల పీఆర్వోలు కొండెక్కుతారు. చింతపల్లి, జీకే వీధి, ధారకొండ మీదుగా సీలేరు దాకా వస్తారు. చేతిలో రంగు కరపత్రాలు, సంచిలో అడ్మిషన్ ఫారాలు. "మీ అమ్మాయికి సీటు ఖాయం. వెయ్యి రూపాయలు కట్టి పేరు రాయించండి, మిగతాది ప్రభుత్వమే చూసుకుంటుంది" అంటారు. ఇంట్లో మొట్టమొదటిసారి పది గట్టెక్కిన బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు ఆ మాట చల్లగా తగులుతుంది. చదువుకున్నవాళ్లు మన గడప దాకా వచ్చి బిడ్డను అడగడమే గొప్పగా తోస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంకోపక్క పాలిసెట్ ర్యాంకు, ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్, గురుకుల జూనియర్ కాలేజీ జాబితా అన్నీ మీద పడతాయి. ఏది వస్తుందో తెలియదు, వచ్చేది ఎప్పుడొస్తుందో తెలియదు. రెండేళ్ల తర్వాత ఇంటర్ అయ్యాక మళ్లీ ఇదే గందరగోళం, ఈసారి ఈఏపీసెట్, నీట్, డిగ్రీ అడ్మిషన్ల పేర్లతో.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. కొండ పిల్లలకు సీటు దొరకడం ఒకప్పుడున్నంత కష్టం ఇప్పుడు కాదు. దొరికిన సీట్లో ఆఖరి ఏడాది ఆఖరి పరీక్ష రాసేదాకా నిలవడమే కష్టం. కాబట్టి ఏ కాలేజీ ముందు నిలబడినా మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ చేరిన నా బిడ్డ ఇక్కడే చదువు పూర్తి చేస్తుందా? పేరు, భవనం, ఫీజు, దూరం, హాస్టల్, స్నేహితులు అన్నీ ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి పనికొచ్చే వివరాలే.

మనకు ఏమేం ఉన్నాయి

సీలేరు నుంచి చూస్తే అన్నీ దూరమే అనిపిస్తాయి. అయినా ఇరవై ఏళ్ల కిందటితో పోలిస్తే మెట్లు దగ్గరయ్యాయి. చింతపల్లిలో, పాడేరులో, అరకులోయలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. పాడేరులో ప్రభుత్వ మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్ ఉంది. ఉండటం, తినడం, చదవడం ఒకేచోట. పాడేరు ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2024లో 50 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. విజయనగరం జిల్లాలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నడుస్తోంది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువులోకి తీసుకునే ట్రిపుల్ ఐటీలు నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో ఉన్నాయి. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అక్కడి ప్రవేశాల్లో అదనంగా 4 శాతం మార్కులు కలుపుతూ వచ్చారు. మీ బడి ఆ లెక్కలోకి వస్తుందో రాదో హెడ్మాస్టరుగారిని ఫలితాలకు ముందే అడిగి ఉంచుకోండి.

రాష్ట్ర సంస్థల్లో ఎస్టీలకు 6 శాతం, కేంద్ర సంస్థల్లో 7.5 శాతం సీట్లు ఉంటాయి. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో ఎస్టీ విద్యార్థికి ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. ఈ ఒక్క విషయం తెలియక "అంత పెద్ద కాలేజీ మనకెందుకు, లక్షలు పోయాలి" అని జేఈఈ రాయించని ఇళ్లు కొండ మీద చాలా ఉన్నాయి. నిజానికి ఫీజుల లెక్కలో మన పిల్లలకు చవకైన చోట్లలో అవీ ఉన్నాయి. పిల్లాడు లెక్కల్లో గట్టివాడైతే ఆ పరీక్ష రాయించకుండా వదలొద్దు.

ఎదురుచూసే కాలం

వెయిటింగ్ లిస్టు అనేది తల్లిదండ్రుల నరాలను పరీక్షించే వస్తువు. నవోదయలో, ఏకలవ్యలో, గురుకులాల్లో ముందు ఒక జాబితా వస్తుంది. అందులో చేరనివాళ్ల స్థానంలో వెయిటింగ్ లిస్టులోని పిల్లలను పిలుస్తారు. ఆ పిలుపు ఫోన్‌లో వస్తుంది, గడువు కొద్ది రోజులే ఉంటుంది. మన దగ్గర ఆ ఫోన్ మోగకపోవచ్చు. సిగ్నల్ అందని గూడెంలో ఉంటారు, పోడు మీదికి వెళ్లి ఉంటారు, లేదా దరఖాస్తులో రాసిన సిమ్ రీఛార్జ్ చేయక ఆగిపోయి ఉంటుంది. పిలుపు అందక పోయిన సీటు ఇంకో బిడ్డకు వెళ్లిపోతుంది, తిరిగి రాదు.

అందుకే దరఖాస్తు పెట్టే రోజునే ఒక నంబరు ఎంచుకోండి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ నంబరు మార్చకండి. ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు, దరఖాస్తుకు అదే నంబరు ఉండాలి. రెండో నంబరు అడిగిన చోట ఎప్పుడూ సిగ్నల్‌లో ఉండే మనిషిది ఇవ్వండి. బడి హెడ్మాస్టరు కావచ్చు, సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు కావచ్చు, సీలేరు జెన్కో కాలనీలో పనిచేసే మన బంధువు కావచ్చు. వారిని ముందే అడిగి, "పిలుపొస్తే మాకు కబురు చేయాలి" అని ఒప్పించుకోండి. వారానికి ఒకసారి మీరే ఎదురెళ్లి "మా పేరు ఎన్నో నంబరులో ఉంది" అని అడగడంలో నామోషీ ఏమీ లేదు. అడిగిన వాళ్లనే అధికారులు గుర్తుపెట్టుకుంటారు.

ఈఏపీసెట్‌లో, పాలిసెట్‌లో వెయిటింగ్ లిస్టు అనే పేరు వినిపించదు. అక్కడ ఎదురుచూపు విడతల రూపంలో ఉంటుంది. మొదటి విడతలో ఒక సీటు వస్తుంది. మంచిది రావచ్చన్న ఆశతో రెండో విడతలో మళ్లీ వెబ్ ఆప్షన్లు పెడతారు. ఇక్కడ చాలామందికి తెలియని నియమం ఒకటుంది. రెండో విడతలో కొత్త సీటు వచ్చిందంటే పాత సీటు దానంతటదే రద్దయిపోతుంది. కొత్తది చూశాక "పాతదే బాగుంది" అనడానికి వీలుండదు. కాబట్టి రెండో విడత ఆప్షన్లలో, చేతిలో ఉన్న సీటు కంటే కచ్చితంగా మేలనుకున్న కాలేజీలు మాత్రమే పెట్టండి. జాబితా పొడుగ్గా ఉండాలని ఊరకే నింపేస్తే మీరు కోరుకోని చోటికి మీ బిడ్డను మీరే పంపినట్టవుతుంది. మొదటి విడతలో మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధంగా చేయాలి. అప్పుడు చేతిలో ఏదీ లేదు కనుక, చదవగలమనుకున్న ప్రతి కాలేజీని, ఇష్టం ఎక్కువైన వరసలో, వీలైనన్ని పెట్టాలి. నాలుగే పెట్టి ఏ సీటూ రాక, ఆఖరికి స్పాట్ అడ్మిషన్‌కు పరుగెత్తడం చాలా నష్టం. ఎందుకో డబ్బు సంగతి దగ్గర చెబుతాను.

ఏది దొరుకుతుందో ఊహించడానికి ఒక సాధనం ఉంది. ప్రతి ఏడాదీ కౌన్సెలింగ్ అయ్యాక ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో ఎంత ర్యాంకు దాకా సీటు వచ్చిందో లాస్ట్ ర్యాంకు జాబితాలో ప్రకటిస్తారు. అందులో ఎస్టీ బాలురు, ఎస్టీ బాలికల వరసలు విడిగా ఉంటాయి. మీరు చూడాల్సింది ఆ వరసే. ఓసీ వరస చూసి భయపడి మంచి కాలేజీలను వదిలేసిన పిల్లలున్నారు. గత రెండు మూడేళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, మీ ర్యాంకుకు ఏది ఆశ, ఏది ఖాయం అన్నది అరగంటలో తేలుతుంది.

ఇక వెబ్ ఆప్షన్లు ఎవరు పెడుతున్నారన్నది చూడండి. నెట్ సెంటరులో కూర్చున్న కుర్రాడికో, ప్రేమగా మాట్లాడే పీఆర్వోకో హాల్ టికెట్టు, పాస్‌వర్డు, ఓటీపీ ఇచ్చేసి బయట అరుగు మీద కూర్చోవడం ఇంటి తాళం అప్పగించడమే. ఆప్షన్లు పెట్టేటప్పుడు బిడ్డ పక్కనే ఉండాలి, వరస కాగితం మీద రాసుకుని వెళ్లాలి, సేవ్ చేశాక ప్రింటు తీసుకుని ఆ వరసతో సరిపోల్చాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

రిపోర్టింగ్ తేదీలు వానాకాలంలో పడతాయి. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసినా కాలేజీకి స్వయంగా వెళ్లి చేరాలి. 2024 సెప్టెంబరు వానలకు సీలేరు ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోయిన సంగతి మీకందరికీ గుర్తే. ధారాలమ్మ ఘాట్ మీద నమ్మకం పెట్టి ఆఖరి రోజు బస్సెక్కకండి. రెండు రోజుల ముందే దిగి, నర్సీపట్నంలోనో విశాఖలోనో తెలిసినవాళ్లింట్లో ఉండండి.

ఈ అవస్థ మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు కూడా ఏటా మే 1 నాటికి ఏదో ఒక కాలేజీలో డిపాజిట్ కట్టి సీటు నిలుపుకుంటారు, ఇంకా పెద్ద కాలేజీ వెయిట్‌లిస్టు కదులుతుందేమోనని వేసవంతా చూస్తారు. పిలుపొస్తే కట్టిన డిపాజిట్ సాధారణంగా వదులుకోవాల్సిందే. డబ్బు లెక్కలు వేరైనా వాళ్లూ పాటించే పద్ధతి ఒకటే: ముందు ఒక సీటు గట్టిగా పట్టుకుంటారు, ఆ తర్వాతే పై దానికోసం చూస్తారు. చేతిలో ఉన్నదాన్ని వదిలి ఎదురుచూడటం ఎక్కడా తెలివైన పని కాదు.

డబ్బు సంగతి

"ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, ఖర్చేముంది" అనే మాట ఎంతమంది చదువును మధ్యలో ఆపేసిందో చెప్పలేను. 2008 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం పెద్ద ఎత్తున నడుస్తోంది. మధ్యలో విద్యా దీవెన అన్నారు, ఇప్పుడు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటున్నారు. పేరేదైనా, ఇది లక్షల మందిని కాలేజీ మెట్లెక్కించింది. నేను దీనికి చేతులెత్తి మొక్కుతాను. కానీ దీని హద్దులు తెలియకుండా దీని మీదే భారం వేయకూడదు.

మొదటి హద్దు: కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రాదు. పీఆర్వో "సీటు ఖాయం" అన్నప్పుడు మీరు అడగాల్సిన మొదటి మాట "ఇది కన్వీనర్ సీటేనా" అని. కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి. రెండో హద్దు: ప్రభుత్వం కట్టేది ట్యూషన్ ఫీజు. హాస్టల్, పరీక్ష ఫీజు, యూనిఫాం, రికార్డులు, బస్సు, ఫోన్, రెండో ఏడాదికి అడిగే ల్యాప్‌టాప్ మీవే. మూడో హద్దు: డబ్బు ఆలస్యంగా వస్తుంది. బకాయిలు పేరుకున్న ఏడాది కాలేజీలు పిల్లల మీద ఒత్తిడి తెస్తాయి, పరీక్షల ముందు కట్టమంటాయి. అప్పుడు ఎక్కడి నుంచి తెస్తారో ఇప్పుడే అనుకుని ఉంచాలి.

ఒక లెక్క వేద్దాం. విశాఖలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ, కన్వీనర్ సీటు అనుకుందాం. ప్రైవేటు హాస్టల్ నెలకు 6,000 చొప్పున పది నెలలకు 60,000. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, బట్టలు కలిపి 15,000. ఇంటికి వచ్చి వెళ్లే ఖర్చులు, చేతి ఖర్చు మరో 15,000. ఏడాదికి 90,000, నాలుగేళ్లకు 3,60,000. ఇవి నేను ఊరకే అనుకున్న అంకెలు, మీ అంకెలు మీరు కనుక్కుని వేసుకోవాలి. 2020లో వసతి దీవెన పేరుతో డిగ్రీ, ఇంజనీరింగ్ వాళ్లకు ఏడాదికి 20,000, పాలిటెక్నిక్‌కు 15,000, ఐటీఐకి 10,000 అని ప్రకటించారు. ఆ 20,000 ప్రతి ఏడాదీ ఆలస్యం లేకుండా అందిందనుకున్నా నాలుగేళ్లలో తగ్గేది 80,000. ఇంకా 2,80,000 మిగిలింది. ఇదే పిల్లాడికి ప్రభుత్వ ఎస్టీ పోస్ట్ మెట్రిక్ హాస్టల్లో చోటు దొరికిందనుకోండి, హాస్టల్ 60,000 పోయి ఏడాదికి 30,000 మిగులుతుంది. నాలుగేళ్లకు 1,20,000. లక్షల తేడా.

ఈ లెక్క నుంచి నేను నేర్చుకున్నదీ, ప్రతి ఇంటికీ చెప్పేదీ ఇది: కాలేజీ కంటే ముందు హాస్టల్ వెతకండి. ఏ ఊళ్లో గిరిజన సంక్షేమ హాస్టల్ ఉంది, అందులో ఎన్ని ఖాళీలున్నాయి, ఆ హాస్టల్ నుంచి నడిచి వెళ్లగల కాలేజీలేవి అని చూసి, ఆ కాలేజీలను ఆప్షన్ల పైవరసలో పెట్టండి. పాడేరు ఐటీడీఏ కార్యాలయంలో, గిరిజన సంక్షేమ శాఖ అధికారుల దగ్గర ఈ సమాచారం ఉంటుంది. మే నెలలోనే వెళ్లి అడగండి. జులైలో అడిగితే నిండిపోయిందంటారు.

రెండో లెక్క నెలలది. మన కొండ మీద డబ్బు వచ్చే కాలం వేరు, కాలేజీ డబ్బు అడిగే కాలం వేరు. రాజ్మా, కాఫీ డబ్బు సంక్రాంతికి అటూ ఇటూగా చేతికి వస్తుంది. మిరియం, పసుపు, చింతపండు ఎండలు ముదిరేలోపు అమ్ముడవుతాయి. కాలేజీ అడిగేది జూన్, జులై, ఆగస్టులో. అప్పటికి చేతిలో ఉన్నది విత్తనాలకు, కూలీలకు పోయి ఉంటుంది. అందుకే కాఫీ పంటను ముందే రాసిచ్చి షావుకారు దగ్గర అప్పు తెచ్చి ఫీజు కడతారు, డిసెంబరులో పంట అతను చెప్పిన ధరకు వెళ్లిపోతుంది. ఒక ఏడాది ఇలా చేస్తే నాలుగేళ్లూ ఇదే దారి. ఇంట్లో బిడ్డ తొమ్మిదిలో ఉన్నప్పుడే మొదలుపెట్టండి. సంక్రాంతి లోపు కాఫీ అమ్మిన డబ్బులో కొంత తల్లి పేరున పోస్టాఫీసులోనో, డ్వాక్రా సంఘం పొదుపులోనో వేసి, జూన్ దాకా దాన్ని ముట్టకూడదని ఇంట్లో అందరూ మాట అనుకోండి. తల్లికి వందనం కింద బడి పిల్లలకు వచ్చే డబ్బు కూడా వచ్చిన నెలలోనే కరిగిపోకుండా ఇందులో కలిపితే మొదటి ఏడాది ఖర్చులో మంచి వాటా సమకూరుతుంది.

డబ్బు కట్టే ముందు ఇంకొక్క జాగ్రత్త. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ చేతిలో పెట్టేసి రాకండి. విద్యార్థుల ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని, సీటు వదిలేసినవారికి గడువును బట్టి ఫీజు తిరిగివ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది. చూపించి, సరిచూశాక జిరాక్సులు ఇచ్చి తెచ్చుకోండి. టీసీ ఇవ్వక తప్పని చోట రసీదు తీసుకోండి. రెండో విడతలో మంచి సీటు వచ్చి కూడా, మొదటి కాలేజీ సర్టిఫికెట్లు వదలక చేరలేకపోయిన పిల్లల బాధ మాటల్లో చెప్పేది కాదు.

ఏ చదువు

సీలేరులో పెరిగిన పిల్లాడి కళ్ల ముందు ఎప్పుడూ పవర్ హౌస్ ఉంటుంది. నాలుగు యూనిట్లు, 240 మెగావాట్లు. కిందికి వెళితే డొంకరాయి, మోతుగూడెం. ఇప్పుడు ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు మాట వినిపిస్తోంది. "ఎలక్ట్రికల్ చదివించేస్తే ఇక్కడే ఉద్యోగం" అని తండ్రులు అనుకోవడం సహజం. ఎలక్ట్రికల్ మంచి చదువే. కానీ ప్రాజెక్టు మన ఊళ్లో ఉన్నంత మాత్రాన పోస్టు మన ఊరివాడిదని ఎక్కడా రాసి లేదు. ఇంజనీరు పోస్టులకు రాష్ట్రమంతటి పిల్లలతో పోటీ పడాలి. పిల్లాడికి ఆ చదువు మీద నిజంగా ఇష్టం ఉంటే పాడేరు పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేయించండి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్యూషన్ ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే. మూడేళ్ల తర్వాత ఉద్యోగం వస్తే సరే, లేదంటే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. మొదటి నుంచే ఇంజనీరింగ్‌లోకి తోసేస్తే, మొదటి ఏడాది లెక్కల్లో ఇంగ్లీషులో మునిగి బ్యాక్‌లాగులు పేరుకుపోయే పిల్లలకు ఈ దారి చాలా నెమ్మదైనదీ గట్టిదీ. నా తీర్పు అడిగితే, లెక్కల్లో మధ్యస్తంగా ఉన్న కొండ పిల్లాడికి నేను ముందు పాలిటెక్నికే చెబుతాను.

టీచరు ఉద్యోగం గురించి నిజం తెలుసుకోవాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో వచ్చిన జీవో 3 చెప్పింది. ఆ నమ్మకంతోనే ఒక తరం డీఎడ్, బీఎడ్ చదివింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని కదపలేదు. ఆ రక్షణ తిరిగి కావాలని మన్యం అడుగుతూనే ఉంది, అడగాల్సిందే. కానీ ఈ ఏడాది బిడ్డను బీఎడ్ వైపు పంపే తల్లిదండ్రులు పాత జీవో ఉన్నట్టే లెక్క వేసుకోకూడదు. బిడ్డకు చెప్పడం ఇష్టమైతే, డీఎస్సీలో పోటీకి నిలవగలదనుకుంటే పంపండి. మా ఇంటి బిడ్డ టీచరైతే గూడెంలో కోందు మాట్లాడే చిన్నపిల్లలకు అర్థమయ్యేలా చెబుతుందనే ఆశ ఎంతో మంచిది. దాన్ని నెరవేర్చుకోవడానికి ఇప్పుడు ఎక్కువ చదవాలి, అంతే.

డిగ్రీని చిన్నచూపు చూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. చింతపల్లి ప్రభుత్వ కాలేజీలో శ్రద్ధగా డిగ్రీ పూర్తి చేసి, గ్రూప్స్‌కో, బ్యాంకుకో, పీజీకో వెళ్లిన పిల్ల, నగరంలో పేరున్న కాలేజీలో రెండో ఏడాది మానేసి ఇంటికొచ్చిన పిల్లాడి కంటే వెయ్యి మెట్లు పైన ఉన్నట్టే.

కాలేజీ గేటు దగ్గర అడగాల్సినవి

వీలైతే చేరకముందే ఒకసారి వెళ్లి చూడండి. ప్రిన్సిపల్ గదికి ముందు హాస్టల్ వంటగదికి వెళ్లండి. నీళ్లు, మరుగుదొడ్లు, రాత్రి వార్డెన్ అక్కడే ఉంటారా లేదా చూడండి, ముఖ్యంగా ఆడపిల్లలున్న తల్లులు. తర్వాత మన కొండ పిల్లలెవరైనా సీనియర్లున్నారేమో వెతికి వాళ్లను పక్కకు పిలిచి అడగండి: మీతోపాటు చేరిన మనవాళ్లెంతమంది, ఇప్పుడెంతమంది మిగిలారు? మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబు ఏ కరపత్రంలోనూ ఉండదు. పదిమంది చేరి ఎనిమిదిమంది మిగిలిన కాలేజీ, పేరు లేకపోయినా, మంచి కాలేజీ. పదిమందిలో ముగ్గురే మిగిలిన చోట ఎంత అందమైన భవనాలున్నా మీ బిడ్డను ఒంటరిగా పంపకండి. ఒకే గూడెం నుంచో ఒకే బడి నుంచో ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కాలేజీలో చేరేలా ఇళ్లవాళ్లు మాట్లాడుకోగలిగితే ఇంకా మంచిది. మొదటి ఏడాది ఒంటరితనం చాలామందిని వెనక్కి పంపేస్తుంది.

ఆరోగ్యం కూడా లెక్కలోకి తీసుకోవాలి. సికిల్‌సెల్ ఉన్న బిడ్డయితే పెద్దాసుపత్రి దగ్గరలో ఉన్న ఊరే ఎంచండి. విశాఖ కేజీహెచ్ అందుబాటులో ఉండే కాలేజీ, దానికంటే కొంచెం పెద్ద పేరున్న దూరపు కాలేజీ కంటే మేలు. వార్డెన్‌కు ఆ సంగతి మొదటి రోజే చెప్పండి, దాచొద్దు.

చేర్చాక మీ పని అయిపోయిందనుకోకండి. దసరా సెలవులకు, సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లలు తిరిగి వెళ్లకపోవడం మన దగ్గర ఎక్కువ. ఇంటి బెంగ, పొలంలో పని, పెళ్లి మాటలు, ఒక సబ్జెక్టులో తప్పడం, అన్నీ ఆ పండగ రోజుల్లోనే కలుస్తాయి. సెలవులు ముగిసిన రోజు తండ్రో తల్లో స్వయంగా బస్సెక్కించి, వీలుంటే తోడు వెళ్లి హాస్టల్లో దింపి రండి. ఒక్క రోజు కూలి పోతుంది, పోనివ్వండి. తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసుకోవచ్చని, అది సిగ్గుపడే విషయం కాదని బిడ్డకు మీ నోటితో చెప్పండి.

ఆఖరుగా, ఈ కొండ నుంచి వెళ్లి చదువు పూర్తి చేసినవారికి ఒక విన్నపం. మీరిప్పుడు పాడేరులో నర్సుగానో, విశాఖలో ఉద్యోగిగానో, హైదరాబాద్‌లో కంపెనీలోనో ఉండొచ్చు. మే నెలలో రెండు రోజులు సెలవు పెట్టి మీరు చదివిన బడికి రండి. పది పాసైన పిల్లల తల్లిదండ్రులను కూర్చోబెట్టి, మీరు ఏ కాలేజీలో చేరారో, ఎంత ఖర్చయిందో, ఏ రోజు మానేద్దామనుకున్నారో, ఎవరు ఆపారో చెప్పండి. వెబ్ ఆప్షన్లు మీ ఫోన్‌లోనే వాళ్ల పక్కన కూర్చుని పెట్టించండి. పీఆర్వోలు రాకముందే మీరు రండి.